పాత పెట్టెకు కొత్త దుబాసి

అనేక గృహములలో అటకమీదనో, వసారా మూలనో ఒక బరువైన పెట్టె కనబడుచుండును. దాని ముందు భాగమున ఉబ్బెత్తుగా నున్న గాజు తెర యుండును. ప్రక్కన త్రిప్పుడు మీటలు వరుసగా నుండును. వెనుక మూపురమువలె పొడుచుకొని వచ్చిన డొప్ప యుండును. పైన దుమ్ము పడకుండ ఇల్లాలు కప్పిన కుట్టుపని గుడ్డ యొకటి వ్రేలాడుచుండును. అది ఒకనాడు ఆ యింటికే గాక ఆ వీధికంతటికిని వినోదము పంచిపెట్టిన రంగుల టెలివిజన్. 1987, 1988 సంవత్సరములలో ఆదివారము ఉదయమున రామాయణ ధారావాహిక ప్రసారమగు వేళకు ఇరుగుపొరుగువారు దాని యెదుట చాపలు పరచుకొని కూర్చుండెడివారు. నేడు దానిని వెలిగించినచో తెరపై తెల్లని నలకలు చీమల బారులవలె కదలాడును. సుయ్యిమను చప్పుడు వినబడును. అంతకు మించి ఏమియు రాదు.

ఆ పెట్టె చెడిపోయినదా? చాలమంది అట్లే తలంతురు. పాత సామానులవానికి తూకమున అమ్మివేయుదురు. కాని పెక్కు సందర్భములలో చెడినది పెట్టె కాదు. ఆకాశమున వచ్చు తరంగముల భాష మారినది. పాత పెట్టెకు పాత భాష మాత్రమే తెలియును. కొత్త భాషలో ఎంత గట్టిగా చెప్పినను దానికి బోధపడదు.

భాషలు వేరైన ఇద్దరు మనుష్యులు మాటలాడుకొనవలసి వచ్చినప్పుడు ఏమి చేయుదురు? రెండు భాషలు వచ్చిన మూడవవానిని నడుమ నిలుపుకొందురు. కంపెనీవారి కాలమున చెన్నపట్టణమునందు దొరలకును దేశీయ వర్తకులకును మధ్య ఇట్టి పని చేసినవారిని దుబాసులనిరి. రెండు భాషలు తెలిసినవాడు ద్విభాషి. ఆ మాటయే వాడుకలో దుబాసి యయ్యెను. పాత టెలివిజనునకును కొత్త ప్రసారములకును నడుమ అట్టి దుబాసిని నిలుపవచ్చును. ఆ దుబాసి యెవరు? అతడు చేయు పని యేమి? అతనిని ఎచ్చట కూర్చుండబెట్టవలెను? ఇవి ఈ పాఠమునందలి విషయములు.

పాత పెట్టె భాష

మొదట పాత పెట్టె ఎట్లు పనిచేయునో తెలిసికొనవలెను. దాని లోపల గరాటు ఆకారమున నున్న పెద్ద గాజు బుడ్డి కలదు. అందులో గాలి యుండదు. బుడ్డి మెడలో మూడు ఎలక్ట్రాను తుపాకులుండును. అవి ఎలక్ట్రానుల ధారలను తెరవైపు చిమ్ముచుండును. తెర లోపలి వైపున ఎరుపు, ఆకుపచ్చ, నీలము రంగులతో వెలుగు పొడులను సన్నని చుక్కలుగానో చారలుగానో పూసియుందురు. ధార తగిలినచోట ఆ పొడి వెలుగును. ఈ మూడు రంగుల కలయికచేతనే మనకు సమస్త వర్ణములును కనబడుచున్నవి.

ధార తెర అంతటను ఒక్కసారిగా పడదు. రైతు నాగలితో చాలు వెంబడి చాలు దున్నినట్లు, అది ఎడమనుండి కుడికి గీత వెంబడి గీతగా సాగును. మన దేశమున అవలంబించిన పద్ధతిలో ఒక చిత్రమునకు 625 గీతలు. అందులో సుమారు 575 గీతలలో మాత్రమే చిత్రముండును. మిగిలినవి ధార క్రిందినుండి పైకి మరలి వచ్చుటకు వినియోగపడును. సెకనునకు ఇరువదియైదు చిత్రములు గీయబడును. ఒక్కొక్క చిత్రమును బేసి గీతలు ఒకసారి, సరి గీతలు ఒకసారి చొప్పున రెండు విడతలుగా గీయుటవలన కంటికి మినుకుమినుకు తగ్గును.

ప్రసార కేంద్రమునుండి వచ్చు తరంగము ఈ పనికి వలసిన ఆజ్ఞలన్నింటిని మోసికొని వచ్చును. వెలుగు ఎక్కువగా నుండవలసినచోట తరంగ బలము ఒక విధముగను, తక్కువగా నుండవలసినచోట మరియొక విధముగను మారుచుండును. శబ్దము దానికి 5.5 మెగాహెర్ట్జ్‌ల దూరమున నున్న మరియొక తరంగముపై వచ్చును. ఇట్లు వెలుగును శబ్దమును ఉన్నవి ఉన్నట్లు, హెచ్చుతగ్గులతో సహా, తరంగముపై అచ్చువేసి పంపు పద్ధతిని అనలాగ్ పద్ధతి యందురు.

రంగులు వచ్చిన కాలము

టెలివిజను మొదట తెలుపు నలుపులలోనే యుండెను. అమెరికా దేశమున 1953 డిసెంబరు 17వ తేదీన రంగుల ప్రసారమునకు ఒక కొత్త పద్ధతిని ప్రభుత్వ సంఘము ఆమోదించెను. ఆ పద్ధతిని రూపొందించిన శాస్త్రజ్ఞులకు ఒక చిక్కు ఎదురయ్యెను. అప్పటికే లక్షలాది గృహములలో తెలుపు నలుపు పెట్టెలున్నవి. రంగుల ప్రసారము మొదలైనంతనే అవి మూగబోయినచో ప్రజలు ఒప్పుకొందురా? కావున వారు రంగుల సమాచారమును వెలుగు సమాచారము నడుమ, ఒక చిన్న ఉపతరంగముపై, ఒదిగించి పంపిరి. రంగుల పెట్టె దానిని వెదకి తీసికొనును. తెలుపు నలుపు పెట్టె దానిని పట్టించుకొనక, తనకు తెలిసిన వెలుగును మాత్రమే గ్రహించును. ఒకే పందిరి క్రింద ఇద్దరికిని భోజనము పెట్టిన యేర్పాటిది.

తరువాత జర్మనీలో వాల్టర్ బ్రూక్ అను ఇంజనీరు ఆ పద్ధతిని బాగుచేసి పాల్ అను పద్ధతిని కనిపెట్టెను; 1963 జనవరిలో దానిని హానోవరు నగరమున నిపుణుల యెదుట ప్రదర్శించెను. తరంగము దారిలో ఒడుదుడుకులకు లోనైనప్పుడు రంగులు మారి, మనిషి ముఖము పచ్చబడుటయో ఊదాబారుటయో సంభవించెడిది. బ్రూక్ ఒక గీతకు విడిచి మరియొక గీతకు రంగు సంకేతములో కొంత భాగమును తలక్రిందులు చేసి పంపెను. అప్పుడు ఒక గీతలో వచ్చిన దోషమును తరువాతి గీతలోని ఎదురు దోషము సరిపుచ్చును. 1967 ఆగస్టు 25వ తేదీన బెర్లినులో విల్లీ బ్రాంట్ అను నాయకుడు ఎర్రని మీట నొక్కి పశ్చిమ జర్మనీలో రంగుల ప్రసారమును ప్రారంభించెను. ఆ మీట కేవలము అలంకారమునకై పెట్టినది. అసలు మీట పనివాని చేతిలో నుండెను. అతడు తొందరపడుటచే నాయకుని వ్రేలు తన మీటపై పూర్తిగా పడకమునుపే తెరపై రంగులు వెలసెను!

భారతదేశము పాల్ పద్ధతినే స్వీకరించెను. 1982 ఆగస్టు 15వ తేదీన దూరదర్శన్ రంగుల ప్రసారములు మొదలయ్యెను. ఆ సంవత్సరమే నవంబరులో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగెను. ఆ క్రీడలను రంగులలో చూడవలెనను ఉత్సాహముతో పలువురు కొత్త పెట్టెలు కొనిరి. హైదరాబాదులోని ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ వంటి సంస్థలు ఈ దేశముననే టెలివిజన్లను తయారుచేసెను.

భాష మారిన విధము

ఇరువదవ శతాబ్దము చివరి దశకమున డిజిటల్ పద్ధతి వచ్చెను. ఇందు వెలుగు హెచ్చుతగ్గులను ఉన్నవి ఉన్నట్లు పంపరు. చిత్రమును లక్షల చుక్కలుగా విభజించి, ఒక్కొక్క చుక్క యొక్క వెలుగును, రంగును అంకెలలో వ్రాయుదురు. ఆ అంకెలును సున్న, ఒకటి అను రెండింటితోనే వ్రాయబడును. ఒక సాధారణ చిత్ర ప్రసారమును ఏమియు తగ్గించక ఇట్లు వ్రాసినచో సెకనునకు సుమారు 27 కోట్ల అంకెలు కావలెను. అన్నింటిని పంపుట అసాధ్యము. కావున ఒక చిత్రమునకును తరువాతి చిత్రమునకును మధ్య మారిన భాగములను మాత్రమే పంపుట మొదలైన ఉపాయములచేత వానిని తరచుగా ఏబది లక్షలకు లోబడునట్లు కుదింతురు. వార్తలు చదువువాని వెనుకనున్న గోడ కదలదు; దానిని మాటిమాటికి పంపనేల?

ఈ పొదుపువలన ఒక కార్యక్రమము పట్టుచోట అనేక కార్యక్రమములు పట్టును. చిత్రముపై నలకలు రావు. ఇవి గొప్ప లాభములు. కాని ఈసారి ఒకే పందిరి క్రింద ఇద్దరికిని వడ్డించుట సాధ్యము కాలేదు. వరుసగా వచ్చు సున్నలను, ఒకట్లను పాత పెట్టె వెలుగుగా అర్థము చేసికొనలేదు. దానికి అది కేవలము గోల. అందుచేతనే తెరపై నలకలు.

ఒక్కొక్క దేశమే పాత ప్రసారములను నిలిపివేయసాగెను. అమెరికాలో అధిక శక్తి గల అనలాగ్ కేంద్రములు 2009 జూన్ 12వ తేదీతో ఆగిపోయెను. బ్రిటనులో 2012 అక్టోబరుతో ఆగిపోయెను. మన దేశమున కేబుల్ ప్రసారములను దశలవారిగా 2012 నుండి 2017 వరకు డిజిటల్ పద్ధతికి మార్చిరి. హైదరాబాదు, విశాఖపట్టణములు రెండవ దశలో చేరెను. దూరదర్శన్ వారి నేలమీది అనలాగ్ కేంద్రములు కూడ, సరిహద్దు మొదలైన ముఖ్య ప్రాంతములందలి కొన్ని తప్ప, 2022 నాటికి మూతపడెను. ఒకనాడు ఊరి డాబాలపై కాకులు వ్రాలు దండెములవలె నుండిన అల్యూమినియము యాంటెనాలకు అప్పటినుండి పని లేకపోయెను.

దుబాసి చేయు పనులు

ఇప్పుడు దుబాసిని పరిచయము చేసికొందము. దానినే సెట్ టాప్ బాక్స్ అందురు. అది ఒక పుస్తకమంత చిన్న పెట్టె. అది క్రమముగా నాలుగు పనులు చేయును. మొదటిది, వచ్చిన అనేక తరంగములలో కోరిన దానిని ఏరుకొనుట. రెండవది, ఆ తరంగమునుండి సున్నలను, ఒకట్లను తిరిగి రాబట్టుట. దారిలో కొన్ని తప్పిపోయినచో సరిదిద్దుట. మూడవది, కుదించిన అంకెలను విప్పి పూర్తి చిత్రములుగా చేయుట. నాలుగవది, ఆ చిత్రములను మరల 625 గీతల పాల్ సంకేతముగా, అనగా పాత పెట్టె భాషలో, చెప్పుట.

ఈ నాలుగవ పనియే పాత పెట్టెకు ప్రాణము. దీనిని గుర్తించినవారికి ఒక సత్యము బోధపడును. పాత టెలివిజనును డిజిటల్ ప్రసారమునకు సిద్ధము చేయుట యనగా దాని లోపలి యంత్రమును మార్చుట కాదు. దానికి అలవాటైన ఆహారమునే దాని నోటికి అందించుట.

ఇట్టి యేర్పాటు మన దేశమునకు కొత్తది కాదు. 1975 ఆగస్టు 1వ తేదీనుండి ఒక సంవత్సరముపాటు అమెరికావారి ఏ.టి.ఎస్-6 ఉపగ్రహముద్వారా ఆరు రాష్ట్రములందలి 2400 గ్రామములకు విద్యాప్రసారములు జరిగెను. అప్పటి ఆంధ్రప్రదేశ్ గ్రామములు కూడ అందులో చేరియుండెను. తెలుగులో కార్యక్రమములు వచ్చెను. ఉపగ్రహ సంకేతము సాధారణ టెలివిజనునకు తెలియని రూపమున నుండుటచే, పది అడుగుల వెడల్పు గల వలకంచె తీగల యాంటెనాతో దానిని పట్టి, నడుమ ఒక మార్పిడి యంత్రముద్వారా టెలివిజనునకు తెలిసిన రూపమునకు తెచ్చిరి. నాటి పల్లెటూరి పెట్టెకు కూడ దుబాసి యుండెనన్నమాట.

నేడు తెలుగు పల్లెలలో దుబాసికి సంకేతము అందించుటకు సులభమైన మార్గము దూరదర్శన్ వారి ఫ్రీ డిష్. ఇది 2004 డిసెంబరులో ప్రారంభమయ్యెను. దీనికి నెలసరి రుసుము లేదు. భూమధ్యరేఖకు పైన సుమారు 36,000 కిలోమీటర్ల ఎత్తున, 93.5 డిగ్రీల తూర్పు రేఖాంశమున నిలిచియున్న ఉపగ్రహమునుండి సంకేతము వచ్చును. హైదరాబాదులో నిలిచి చూచినచో అది ఆగ్నేయ దిశగా, ఆకాశమున చాల ఎత్తున నుండును. పళ్ళెము వంటి డిష్‌ను ఆ దిశకు సరిగా త్రిప్పవలెను. అడ్డముగా చెట్టుగాని గోడగాని యుండరాదు.

మొదటి దారి: యాంటెనా రంధ్రము

దుబాసి చెప్పిన మాటను పాత పెట్టె చెవిలో వేయుటకు మూడు దారులు కలవు. మొదటి దారి పెట్టె వెనుకనున్న యాంటెనా రంధ్రము. తొలినాటి రంగుల పెట్టెలు పెక్కింటికి ఇదొక్కటియే ద్వారము. దానిలో ప్రవేశింపవలెనన్న సంకేతము ప్రసార కేంద్రమునుండి వచ్చిన తరంగము రూపముననే యుండవలెను. అందుచేత సెట్ టాప్ బాక్సునకును టెలివిజనునకును నడుమ మాడ్యులేటర్ అను చిన్న పరికరమును అమర్తురు. అది వ్రేలెడు ప్రసార కేంద్రమనవచ్చును. బాక్సునుండి చిత్రమును శబ్దమును తీసికొని, ఒక నిర్ణీతమైన ఛానెలుపై తీగద్వారా పంపును. టెలివిజనును ఆ ఛానెలునకు త్రిప్పి యుంచినచో చాలును. తరువాత కార్యక్రమములను మార్చుట బాక్సు రిమోటుతోనే.

అమెరికాలో 2009 నాటి మార్పు సమయమున ప్రభుత్వము ఇంటికి రెండు చొప్పున నలుబది డాలర్ల కూపన్లను ఇచ్చి ఇట్టి బాక్సులు కొనుటకు ప్రజలకు తోడ్పడెను. వానిలోనే మాడ్యులేటరు ఇమిడియుండెను. అది 3వ లేక 4వ ఛానెలుపై చిత్రమును పంపును. 1954లో ఆర్.సి.ఏ. వారు వెయ్యి డాలర్లకు అమ్మిన సి.టి.-100 అను రంగుల పెట్టెలు కొన్ని నేటికిని అచ్చటి అభిమానుల వద్ద పదిలముగా నున్నవి. తాను పుట్టిననాటి భాషలోనే బాక్సు మాటలాడుటచే, అట్టి ముదుసలి పెట్టె సయితము నేటి కార్యక్రమములను చూపగలుగుచున్నది.

ఈ దారిలో మూడు విషయములను గమనింపవలెను. ఒకటి: తొలినాటి కొన్ని పెట్టెలు వి.హెచ్.ఎఫ్. ఛానెళ్ళను మాత్రమే పట్టును. మాడ్యులేటరు యు.హెచ్.ఎఫ్. ఛానెలుపై పంపునదైనచో అవి దానిని వినలేవు. కొనుటకు ముందే చూచుకొనవలెను. రెండు: శబ్ద తరంగ దూరము దేశమునకు దేశమునకు భేదించును. మన పెట్టెలకు 5.5 కావలెను, మాడ్యులేటరు 6.0 లేక 6.5 వద్ద నుండినచో చిత్రము చక్కగా కనబడును గాని మాట వినబడదు, బుసబుస మాత్రము వినబడును. ఇట్టి సందర్భమున స్పీకరు పోయినదని భ్రమపడి విప్పుట వ్యర్థము. మూడు: కొన్ని పాత పెట్టెలకు గుండ్రని రంధ్రము బదులు రెండు మరలుండును. అవి బల్లపరుపుగా నుండు 300 ఓముల జంట తీగకు ఉద్దేశింపబడినవి. గుండ్రని 75 ఓముల తీగను వానికి నేరుగా చుట్టరాదు; నడుమ బాలన్ అను చిన్న మార్పిడి బిళ్ళను పెట్టవలెను.

రెండవ దారి: ఏ.వి. పిన్నులు

తరువాతి కాలపు పెట్టెలకు ఏ.వి. రంధ్రములు వచ్చెను. పసుపుపచ్చ రంధ్రము చిత్రమునకు, తెలుపు, ఎరుపు రంధ్రములు శబ్దమునకు. రంగునకు రంగు కలిపి పిన్నులు గ్రుచ్చిన చాలును. మాడ్యులేటరుతో పని లేదు. తరంగముగా మార్చి మరల విప్పు శ్రమ తగ్గుటచే చిత్రము మరింత తేటగా నుండును.

కొన్ని కొత్త బాక్సులకు హెచ్.డి.ఎమ్.ఐ. రంధ్రము మాత్రమే యుండును. అట్టి దానికి పసుపుపచ్చ పిన్ను సంకేతముగా మార్చు మరియొక చిన్న పరికరము కావలెను. దుబాసికి దుబాసి యన్నమాట. బాక్సులో గాని ఈ పరికరములో గాని పాల్, ఎన్.టి.ఎస్.సి. అను ఎంపిక యుండును. పొరపాటున ఎన్.టి.ఎస్.సి. యని యున్నచో పాత పెట్టెలో రంగులు మాయమై తెలుపు నలుపు చిత్రము రావచ్చును. లేదా చిత్రము పైకి క్రిందికి దొర్లుచుండును. పాల్ అని మార్చినంతనే రంగులు తిరిగి వచ్చును.

మూడవ దారి: పెట్టె విప్పుట

మూడవ దారి ప్రమాదకరమైనది. ఏ.వి. రంధ్రములు లేని పెట్టెను విప్పి, లోపల చిత్ర సంకేతము నడచు తావును కనుగొని, బాక్సునుండి వచ్చు ఒక వోల్టు సంకేతమును అచ్చట కలుపుట. పటమును చదువగల నిపుణుడు దీనిని చేయగలడు. చిత్రము బాగుగా వచ్చును. అయినను చాల పెట్టెల విషయమున ఇది తగదు. ఎందుచేత?

ఆ కాలపు అనేక రంగుల టెలివిజన్లలో బరువును ధరను తగ్గించుటకై ప్రవేశ ట్రాన్స్ఫార్మరును వదలివేసిరి. అట్టి పెట్టెలలో లోపలి లోహపు చట్రము నేరుగా ఇంటి విద్యుత్తుతో సంబంధము కలిగి యుండును. దీనిని మెకానిక్కులు హాట్ చాసిస్ అందురు. బయట ప్లాస్టిక్కు లేక చెక్క డొప్ప యున్నంతవరకు వాడువానికి భయము లేదు. యాంటెనా రంధ్రము వద్ద తయారీదారులు రక్షక కెపాసిటర్లను అమర్చియుందురు. కాని ఆ చట్రమునకు ఒక తీగను అతికి బయటకు తెచ్చి బాక్సునకు కలిపినచో, 230 వోల్టుల విద్యుత్తు ఆ తీగ వెంబడి నడచి వచ్చును. బాక్సు కాలిపోవును. బాక్సును, డిష్ తీగను తాకినవాని ప్రాణమునకే ముప్పు. డాబాపై డిష్‌ను సర్దుచున్న మనిషికి క్రింది గదిలోని తప్పు మృత్యువు కాగలదు.

నిపుణులు ఇట్టి పనికి ముందు ఐసొలేషన్ ట్రాన్స్ఫార్మరును వాడుదురు. దానిలో విద్యుత్తు ఒక చుట్టనుండి మరియొక చుట్టకు అయస్కాంత బలముచేత దాటును. తీగకు తీగకు సంబంధముండదు. అంతమాత్రమున అభయము లభించినదని తలపరాదు. చిత్ర గొట్టమునకు సుమారు 25,000 వోల్టుల పీడనము అందుచుండును. మీట కట్టివేసిన తరువాతను ఆ గొట్టము కొంతకాలము ఆ శక్తిని నిలువ చేసికొనియే యుండును. గాలి లేని ఆ గాజు బుడ్డి మెడ విరిగినచో లోనికి కుప్పకూలి గాజు ముక్కలు నలుదెసలకు చిమ్మును. కావున విద్యార్థులు ఎన్నడును పెట్టె వెనుక డొప్పను విప్పరాదు. మొదటి రెండు దారులకు డొప్ప విప్పనక్కరయే లేదు. తెలిసినవాడు సాహసింపనిచోట తెలియనివాడు సాహసించుట ధైర్యము కాదు, అవివేకము.

నిద్రించిన పెట్టెను లేపుట

ఏండ్ల తరబడి మూలపడియున్న పెట్టెను దించినంతనే విద్యుత్తు ఇచ్చుట మంచిది కాదు. లోపల ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు అను గొట్టములవంటి భాగములుండును. వానిలోని ద్రవము కాలక్రమమున ఎండిపోవును. తేమ, దుమ్ము, బల్లిగ్రుడ్లు, ఎలుకలు కొరికిన తీగలు, ఇవన్నియు హానికరములే. అనుభవజ్ఞుడైన మెకానిక్కు మొదట లోపల శుభ్రపరచి, అనుమానాస్పదమైన కెపాసిటర్లను మార్చును. తరువాత సీరీస్ బల్బు ద్వారా విద్యుత్తు ఇచ్చును. పెట్టెకు పోవు విద్యుత్తు బల్బుగుండ పోవలసి యుండుటచే, లోపల షార్టు ఉన్నచో బల్బు ధగధగ వెలిగి పెట్టెను కాపాడును. ఒక చిన్న బల్బు కాపలా వాని పని చేయుచున్నది! పొగగాని, కమురు వాసనగాని, చిటపట శబ్దముగాని వచ్చినచో తక్షణమే విద్యుత్తు ఆపవలెను.

తెర కొలతలు

పాత తెర వెడల్పు నాలుగు పాళ్ళయినచో ఎత్తు మూడు పాళ్ళు. నేటి కార్యక్రమములు పదునారు పాళ్ళ వెడల్పు, తొమ్మిది పాళ్ళ ఎత్తు గలవి. పెద్ద దుప్పటిని చిన్న మంచముపై పరచినట్లు ఇచ్చట ఇబ్బంది కలుగును. బాక్సులోని ఎంపికనుబట్టి చిత్రము మొత్తము కనబడి పైన, క్రింద నల్లని పట్టీలు వచ్చును. లేదా తెర నిండి రెండు ప్రక్కల చిత్రము తెగిపోవును. మనుష్యులు సన్నగా పొడవుగా సాగినట్లు కనబడినచో ఎంపిక సరిగా లేదని గ్రహింపవలెను.

మరి రెండు భేదములు కూడ తెలియదగినవి. డిజిటల్ సంకేతమును విప్పుటకు కొంత కాలము పట్టుటచే చిత్రము కొన్ని సెకనులు ఆలస్యముగా వచ్చును. దానిని చూచి గడియారమును సెకనులతో సరిచేసికొనరాదు. పూర్వము సంకేతము బలహీనమైనకొలది నలకలు క్రమముగా పెరిగెడివి. అయినను చిత్రము ఎంతో కొంత కనబడెడిది. ఇప్పుడట్లు కాదు. పెద్ద వాన కురియుచుండగా కొంతసేపు చిత్రము నిర్మలముగా నుండి, పిమ్మట గళ్ళుగళ్ళుగా విరిగి, ఒక్కసారిగా ఆగిపోవును. అది పెట్టె దోషము కాదు.

ఇంత శ్రమ ఏల?

కొత్త టెలివిజన్లు పలుచగను తేలికగను ఉండగా ఈ ముసలి పెట్టెకై శ్రమపడనేల యని అడుగవచ్చును. ఆ ప్రశ్నలో న్యాయము లేకపోలేదు. పాత పెట్టె ఎక్కువ విద్యుత్తును తినును. ఎక్కువ చోటును ఆక్రమించును. అతి సూక్ష్మమైన వివరములను చూపలేదు. కాలిన తీగలతో, పగిలిన డొప్పతో నున్న పెట్టెను మమకారముతో వాడుట క్షేమము కాదు.

కాని పనిచేయు వస్తువును పనికిరానిదని పారవేయుట వేరు. చిత్ర గొట్టపు గాజులో సీసము కలిసియుండును. ఆ సీసము లోపలి కిరణములనుండి చూచువారిని కాపాడుటకు ఉంచినది. అదే గాజు చెత్తకుప్పలో పగిలి నానినచో సీసము నేలకును నీటికిని విషమగును. అందుచేతనే భారత ప్రభుత్వము 2012 మే నుండి ఎలక్ట్రానిక్ వ్యర్థములకు ప్రత్యేక నియమములను అమలుపరచినది. పిమ్మట వానిని మార్చి మరింత కట్టుదిట్టము చేసినది. పెట్టెకు ఆయువు తీరిననాడు దానిని అనుమతి గల సేకరణ కేంద్రమునకే అప్పగింపవలెను. రాగి తీగకై గొట్టమును పగులగొట్టుటయు, తీగలను కాల్చుటయు అందరికిని కీడు. ఆయువు తీరకమునుపు ఒక చిన్న దుబాసిని తోడిచ్చి మరి కొన్ని యేండ్లు పని చేయించుకొనుట వివేకము.

దీనిలో మరియొక పాఠము కలదు. లోకమున భాషలు, పద్ధతులు, యంత్రములు మారుచునే యుండును. మార్పును ఆపుట ఎవరికిని సాధ్యము కాదు. మార్పు వచ్చిన ప్రతిసారియు పాతదానిని మూగదని నిందించి విసరివేయుటయు ధర్మము కాదు. ముందుగా అది నిజముగా చెడినదా, లేక దానితో దానికి తెలిసిన భాషలో మాటలాడువారు లేరా యని విచారింపవలెను. యంత్రముల విషయముననే కాదు, ఇంటిలోని వృద్ధుల విషయమున కూడ ఈ విచారణ అవసరము. బ్యాంకులోను, కార్యాలయములోను కొత్త యంత్రము ముందు తడబడు తాతకు మనుమడు నడుమ నిలిచి రెండు మాటలు చెప్పినచో పని నెరవేరును. నేర్చినవాడు దుబాసి యగుటయే విద్యకు ప్రయోజనము.

ప్రశ్నలు

1. పాత రంగుల టెలివిజనులో చిత్రము తెరపై ఎట్లు గీయబడునో వివరింపుము.
2. తెలుపు నలుపు పెట్టెలు రంగుల ప్రసారమును గ్రహింపగలిగెను. అనలాగ్ పెట్టెలు డిజిటల్ ప్రసారమును గ్రహింపలేకపోయెను. కారణమేమి?
3. సెట్ టాప్ బాక్సును దుబాసితో పోల్చుట ఎంతవరకు తగియున్నది? అది చేయు నాలుగు పనులను పేర్కొనుము.
4. చిత్రము చక్కగా వచ్చి శబ్దము రానప్పుడు ఏమి పరీక్షింపవలెను?
5. హాట్ చాసిస్ అననేమి? దానికి తీగ నతుకుటవలన ఎవరెవరికి ఏ ప్రమాదము కలుగును?
6. మీ యింటిలో గాని ఇరుగుపొరుగున గాని మూలపడియున్న యంత్రము నొకదానిని గూర్చి విచారించి, అది చెడినదో, వాడుక తప్పినదో తెలిసికొని పది వాక్యములు వ్రాయుము.